ధర్మానికీ ధమ్మానికీ మధ్య ఒక చుక్క

పాత మలయాళ పుస్తకంలో ‘ధర్మం’ అనే మాట ఎలా అచ్చయిందో చూస్తే ముందు అయోమయంగా ఉంటుంది. ‘ధ’ ఉంది, ‘మ్మ’ ఉంది, చివర సున్న ఉంది. రకారం ఏదీ? అక్షరాల వరసలో ఎక్కడా లేదు. పట్టిపట్టి చూస్తే ‘మ్మ’ నెత్తిన చిన్న చుక్క ఒకటి కనిపిస్తుంది. కొన్ని అచ్చుల్లో చుక్కకు బదులు పొట్టి నిలువు గీటు ఉంటుంది. ఆ చుక్కే రకారం.

అది సిరా మరకేమో అనుకుని ఎవరైనా చెరిపేస్తే మిగిలేది ‘ధమ్మం’. మాట చెడిపోదు, వేరే మాట అవుతుంది. సంస్కృతం కాస్తా పాళీ అయిపోతుంది. ‘కర్మం’ మీది చుక్క పోతే ‘కమ్మం’. ఇదీ పాళీయే. రేఫ (హల్లుకు ముందొచ్చే రకారం) తరవాతి హల్లును ద్విత్వం చేసి రాయడం పాత మలయాళ రాతలో అలవాటు కాబట్టి ఇలా జరుగుతుంది. మన శాసనాల్లోనూ ‘ధర్మ్మ’ అని ఉండటం చూస్తాం. పాళీ భాష రకారాన్ని మింగేసి పక్క హల్లును రెట్టించుకుంది. చుక్కను పోగొట్టుకున్న మలయాళ పుట కూడా తెలియకుండా అదే పని చేస్తుంది.

ప్రపంచ లిపుల్లోని అక్షరాలకు కంప్యూటర్ కోసం తలా ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో ఆ చుక్కకు ఒక సంఖ్య ఉంది. దశాంశ లెక్కలో 3406. 2010 అక్టోబరులో విడుదలైన యూనికోడ్ 6.0తో అది దక్కింది. మన రూపాయి గుర్తు చేరిందీ, ఎమోజీలు గుంపుగా వచ్చి చేరిందీ ఆ విడతలోనే. రూపాయి గుర్తు వచ్చిన సంగతి దేశమంతా తెలిసింది. చుక్క వచ్చిన సంగతి మలయాళ లిపి మీద పనిచేసే కొద్దిమందికే తెలిసింది.

నన్ను ఈ విషయం లోపలికి లాగిన ప్రశ్న ఇది. హిందీలో ‘ధర్మ’ అని రాస్తే ‘మ’ మీద కొక్కెంలా ఒక రేఫ వేలాడుతుంది. దానికి యూనికోడ్‌లో విడిగా సంఖ్య లేదు. కన్నడంలో అర్కావొత్తుకు లేదు. పాత తెలుగులోని వలపలగిలకకు లేదు. మలయాళపు చుక్కకు మాత్రం ఉంది. పైగా దాన్ని గుర్తుగా కాదు, నిఖార్సయిన అక్షరంగా నమోదు చేశారు. ధ్వని ఒకటే, చేసే పని ఒకటే. నాలుగు లిపుల్లో ఒక్కదానికే ఈ హోదా ఎందుకొచ్చింది?

గోపిబొట్టు లాంటి రేఫ

మలయాళంలో దీన్ని కుత్తు రేఫం అంటారు. కుత్తు అంటే చుక్క. నుదుట నిలువుగా దిద్దుకునే గోపిబొట్టులా ఉంటుంది కాబట్టి గోపి రేఫం అనే ముద్దుపేరు కూడా ఉంది. గోపీచందనం తెలిసిన మనకు ఆ పోలిక విడమరచి చెప్పనక్కర్లేదు.

బ్రాహ్మి నుంచి పుట్టిన చాలా లిపుల్లో, హల్లుకు ముందొచ్చే రకారం తన చోట తాను నిలబడదు. తరవాతి అక్షరం నెత్తికెక్కుతుంది. నాగరిలో కొక్కెమైంది, మలయాళంలో చుక్కగా మిగిలింది. తెలుగు, కన్నడాల్లో మాత్రం నెత్తి నుంచి కుడి పక్కకు దిగి గిలక అయింది. వలపల అంటే కుడివైపు. అందుకే దానికి వలపలగిలక అని పేరు. పాత తెలుగు ప్రతుల్లో ‘ధర్మము’ అన్న మాట చూపుకు ‘ధమ౯ము’ అన్నట్టుగా ఉంటుంది. ఇక్కడ నేను వేసింది గిలక కాదు, తెలుగు తొమ్మిది అంకె. ఆకారం దగ్గరగా ఉందని వేశాను. అలా వేయడం తప్పే. ఎందుకు తప్పో ఈ వ్యాసం ముగిసేలోగా చెబుతాను.

మనం గిలకను వదిలేశాం. రకారాన్ని పూర్తిగా రాసి తరవాతి హల్లును వత్తుగా కింద పెడుతున్నాం. కన్నడం వదల్లేదు. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు దాన్ని రోజూ చూస్తూనే ఉంటారు. ‘కర్నాటక’ అని రాసిన ప్రతి బోర్డు మీదా ‘క’ తరవాత ‘నా’, దానికి కుడి పక్కన గిలక, ఆ తరవాతే ‘టక’. కన్నడం కొత్తగా చదివే తెలుగువాడు మొదట తడబడేది ఇక్కడే. నోటికి ముందొచ్చే ధ్వని కంటికి తరవాత కనిపిస్తుంది. మలయాళపు చుక్కదీ ఇదే తీరు. పలికేటప్పుడు ‘మ’ కంటే ముందు, రాతలో ‘మ’ మీద. కంప్యూటర్‌కు తలనొప్పి తెచ్చింది ఈ తేడాయే.

కేరళలో చుక్క 20వ శతాబ్దం మధ్య దాకా మామూలుగానే నడిచింది. తరవాత దాని ఆయువు తీసింది టైపురైటరు. 1967లో మలయాళ నిఘంటు సంపాదకుడు శూరనాడ్ కుంజన్ పిళ్ళై అధ్యక్షతన ప్రభుత్వం ఒక సంఘం వేసింది. అచ్చుకు కావలసిన అచ్చుదిమ్మెలు సుమారు వెయ్యి ఉంటే వాటిని 250 దాకా తగ్గించవచ్చని లెక్క తేలింది. 1971 మార్చి 23న ఉత్తర్వు, ఏప్రిల్ 15 నుంచి అమలు. ఆ సంస్కరణలో మెలికలు తిరిగిన సంయుక్తాక్షరాలు ఎన్నో విడిపోయాయి. చుక్క రేఫకు బదులు వరసలో కూర్చునే ‘ర’ చిల్లు వచ్చింది.

చిల్లు అంటే ఏమిటో ఇక్కడే చెప్పుకోవాలి, ముందు ముందు దానితో చాలా పని ఉంది. అచ్చు లేని హల్లును ఒంటరిగా రాయడానికి మలయాళంలో కొన్ని హల్లులకు ప్రత్యేక రూపాలున్నాయి. వాడుకలో ఉన్నవి ఐదు: ణ, న, ర, ల, ళ. మన నకారపొల్లుకు ఇవి దగ్గరి చుట్టాలు. ‘అవన్’, ‘అవర్’ వంటి మాటల చివర వచ్చేది ఈ చిల్లులే. 1971 తరవాత ‘ర’ చిల్లు మాట మధ్యలో కూడా చుక్క చేసే పనిని తన మీద వేసుకుంది. ఇవాళ కేరళలో బడికి వెళ్లే పిల్లలు ‘ధర్మం’ రాసేది చిల్లుతోనే. చుక్క పాత పుస్తకాల్లో, సంప్రదాయ లిపి మీద ప్రేమ ఉన్నవాళ్ల రాతల్లో మిగిలింది.

రూపానికి కాదు, వర్ణానికి సంఖ్య

యూనికోడ్ ఒక మూలసూత్రం మీద నడుస్తుంది. కంటికి కనిపించే ప్రతి ఆకారానికీ సంఖ్య ఇవ్వదు. మాటను నిలబెట్టడానికి కావలసిన వర్ణాలకే ఇస్తుంది. ఆకారం తేల్చడం ఫాంటు పని. తెలుగులో క-వత్తుకు సంఖ్య లేదు. ‘క్క’ అని మనం చూసేది కంప్యూటర్ కడుపులో మూడు సంఖ్యలు: క (3093), పొల్లు గుర్తు (3149), మళ్లీ క (3093). పొల్లు రెండు హల్లుల మధ్య పడింది కాబట్టి రెండోదాన్ని వత్తుగా మార్చి కింద పెట్టాలని లిపిని పేర్చే ప్రోగ్రాము తెలుసుకుంటుంది.

ఈ పద్ధతి మన దేశం నుంచే వెళ్లింది. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక ఉండాలని తయారైన ఇస్కీ ప్రమాణం 1988 నాటి రూపాన్ని యూనికోడ్ తీసుకుంది. అందుకే తెలుగు ‘ర’ 3120 అయితే మలయాళ ‘ర’ 3376. తెలుగు పొల్లు 3149 అయితే మలయాళపు చంద్రక్కల, అంటే వాళ్ల పొల్లు గుర్తు, 3405. తేడా ఎప్పుడూ 256. మధ్యలో కన్నడం ఉంటుంది. ఒకే నమూనా ఇళ్లు వరసగా కట్టినట్టు అన్నమాట.

ఈ అమరికలో రేఫ అంటే ర, పొల్లు, తరవాత హల్లు. అంతే. విడిగా సంఖ్య అక్కర్లేదు. నాగరిలో ఆ మూడూ వరసగా వస్తే ప్రోగ్రాము తనంతట తాను కొక్కెం కట్టి తరవాతి అక్షరం మీద పెడుతుంది. కన్నడంలోనూ అంతే, గిలక దానంతట అదే వస్తుంది. కన్నడంలో గిలక వద్దనుకుంటేనే కష్టపడాలి. ‘ర్యాంకు’ లాంటి మాటలో ‘ర’ను పూర్తిగా చూపించడానికి మధ్యలో ఒక అదృశ్య గుర్తు దూర్చాలి. దాని పేరు జీరో విడ్త్ జాయినర్, సంఖ్య 8205. వెడల్పు లేదు, కంటికి కనబడదు, పక్క అక్షరాలు ఏ రూపం తీసుకోవాలో చెప్పడమే దాని పని. తెలుగుకు దీనికి తలకిందులు. ర, పొల్లు, మ అని కొడితే నేటి రూపం ‘ర్మ’ వస్తుంది. గిలక కావాలంటే పొల్లు తరవాత జాయినర్ పెట్టాలి. సింహళానిదీ ఇదే దారి.

కాబట్టి ఇప్పటికి రెండు దారులున్నాయి. అడక్కుండానే రేఫ కట్టేది నాగరి, కన్నడాల దారి. జాయినర్‌తో అడిగితే కట్టేది తెలుగు, సింహళాల దారి. మలయాళం రెండిట్లో ఏదో ఒకటి పట్టుకుంటే సరిపోయేది కదా అనిపిస్తుంది. పట్టుకోలేకపోయింది. ఆ రెండు చోట్లా అప్పటికే ఎవరో కూర్చుని ఉన్నారు.

ఖాళీ లేని కుర్చీలు

మొదటి కుర్చీ సంగతి చూద్దాం. మలయాళంలో చంద్రక్కలకు రెండు ఉద్యోగాలున్నాయి. మాట మధ్యలో అది మన పొల్లు లాగే అచ్చును తీసేస్తుంది. మాట చివర వస్తే మాత్రం తీసెయ్యదు. అక్కడ సగం పలికే ఒక ఉకారాన్ని సూచిస్తుంది. దాన్ని సంవృతోకారం అంటారు. ‘పేర్’ అని చిల్లుతో రాస్తే మనుషుల లెక్క, మన ‘మంది’ లాంటిది. రండు పేర్ అంటే ఇద్దరు. అదే మాటను ‘ర’ మీద చంద్రక్కల పెట్టి రాస్తే సగం ఉకారంతో పలుకుతుంది, అప్పుడు అది మన ‘పేరు’. అలాగే చిల్లుతో ‘అవన్’ అంటే అతను. ‘న’ మీద చంద్రక్కల పెడితే అతనికి అని అర్థం. తెలుగులో న్ అనే పొల్లును ఏ ఆకారంలో రాసినా అర్థం మారదు. మలయాళంలో మారుతుంది.

అంతటితో అయిపోలేదు. ర, చంద్రక్కల, య అని వరసగా వస్తే మలయాళంలో ‘ర’ పూర్తిగా నిలబడి ‘య’ దాని పక్కన వత్తు గుర్తుగా చేరుతుంది. ‘ఆర్యన్’ అలా రాస్తారు. అంటే నాగరిలో రేఫను పుట్టించే వరస మలయాళంలో మరో సంయుక్తాక్షరాన్ని పుట్టిస్తోంది. ఆ కుర్చీని చుక్కకు ఇవ్వలేరు.

రెండో కుర్చీ జాయినర్‌ది. అందులో చిల్లు కూర్చుంది. 2008 దాకా చిల్లులకు సొంత సంఖ్యలు లేవు. ర, చంద్రక్కల, జాయినర్ అని రాస్తే ‘ర’ చిల్లు వచ్చేది. తెలుగులో గిలకను పుట్టించే వరసా, మలయాళంలో చిల్లును పుట్టించే వరసా అక్షరాలా ఒకటే. జాయినర్‌కు తోడబుట్టిన నాన్‌జాయినర్ ఇంకో పనిలో ఉంది, చంద్రక్కలను కలిసిపోకుండా విడిగా చూపించే పనిలో. ఇక చుక్కకు చోటెక్కడ?

ఇక్కడే చాలా ఏళ్లు నడిచిన ఒక గొడవ గురించి చెప్పాలి. చుక్కకు దారి తెరిచింది అదే. చిల్లులకు విడిగా సంఖ్యలివ్వాలా వద్దా అన్నది ఆ గొడవ. ఇవ్వాలన్నవాళ్లు ఒక జంట మాటలు చూపించారు. వన్య వనిక అంటే అడవితోట. వన్ యవనిక అంటే పెద్ద తెర. రెంటినీ కలిపి రాస్తే ధ్వనుల వరస దాదాపు ఒకటే: న, య, వ, ని, క. రెండో మాటలో ‘న’ చిల్లు, మొదటి మాటలో ‘న్య’ సంయుక్తాక్షరం. పాత పద్ధతిలో ఈ రెంటికీ తేడా ఒక్క జాయినర్. జాయినర్ అంటే యూనికోడ్ దృష్టిలో పట్టించుకోకపోయినా నష్టం లేని గుర్తు. వెతికేటప్పుడు, వరస పేర్చేటప్పుడు దాన్ని వదిలేయవచ్చు. ఇంటర్నెట్ చిరునామాల మొదటి ప్రమాణం దాన్ని పూర్తిగా తీసేసేది. అర్థాన్ని మోసే భారాన్ని, నలుగురూ దులిపేసుకునే గుర్తు మీద పెట్టవచ్చా అని వాళ్లు అడిగారు. నాకు ఈ ప్రశ్న బలంగా అనిపిస్తుంది.

వద్దన్నవాళ్ల వాదన తేలికగా తీసిపారేయదగ్గది కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో మలయాళ కంప్యూటింగ్‌ను నిలబెట్టిన స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ బృందం ఆ పక్షాన నిలిచింది. చిల్లు వేరే వర్ణం కాదు, హల్లుకే ఇంకో రూపం. అప్పటికే జాయినర్‌తో రాసిన మలయాళం గుట్టలుగా పోగుపడి ఉంది. కొత్త సంఖ్యలిస్తే ఒకే మాటకు రెండు రాతలు పుడతాయి, వెతుకులాట చెడుతుంది, కంటికి ఒకేలా కనిపించే రెండు చిరునామాలతో మోసాలకు దారి ఏర్పడుతుంది. వాళ్లు భయపడినవి భయపడినట్టే జరిగాయి కూడా.

చివరికి 2008 ఏప్రిల్‌లో యూనికోడ్ 5.1తో చిల్లులకు సొంత సంఖ్యలు వచ్చాయి. వాడుకలోని ఐదూ, అరుదుగా కనిపించే ‘క’ చిల్లూ కలిపి ఆరు. ‘ర’ చిల్లుకు దక్కింది 3452. 2016లో ఇంకా అరుదైన మ, య, ఴ చిల్లులు కూడా చేరాయి.

చిల్లు సొంత ఇంటికి వెళ్లిపోయింది కాబట్టి జాయినర్ కుర్చీ ఖాళీ అయింది, చుక్కను అందులో కూర్చోబెట్టవచ్చు కదా అనిపించవచ్చు. కుదరదు. పాత పద్ధతిలో రాసిన కోట్ల మాటలు ఇంకా చెలామణిలో ఉన్నాయి. ఆ వరసకు ఇప్పుడు అర్థం మారిస్తే పాత పుటల్లోని ‘అవర్’లన్నీ పాడవుతాయి. కాబట్టి చుక్కకూ సొంత ఇల్లే కట్టాలి. రెండేళ్ల తరవాత కట్టారు. అదే విడతలో మలయాళానికి ఇంకో రెండు అరుదైన అక్షరాలు దక్కాయి. పళ్ల వెనుక చిగుళ్ల దగ్గర నాలుక ఆన్చి పలికే ‘న’కూ, ‘ట’కారం లాంటి ధ్వనికీ. రెండోదానికి దగ్గరి అక్షరం మన శాసనాల్లోనూ ఉంది. దాన్ని ౚ అని రాస్తాం, అది 2015లో యూనికోడ్‌లోకి వచ్చింది. దాని గురించి విడిగా ఒక వ్యాసమే రాయాలి.

చుక్కే, కానీ అక్షరం

3406 సంఖ్యకు ముందున్నది 3405, చంద్రక్కల. దాని పక్కనే చుక్కను పెట్టారు. పక్కపక్కనే ఉన్నా రెంటి స్వభావం వేరు. చంద్రక్కలను యూనికోడ్ గుర్తుగా లెక్కవేస్తుంది. గుర్తు ఎప్పుడూ తనకు ముందున్న అక్షరాన్ని అంటిపెట్టుకుంటుంది. తెలుగు గుడి, కొమ్ము, ఏత్వం అన్నీ అంతే. చుక్కను గుర్తుగా పెట్టి ఉంటే, అది ఎక్కాల్సిన హల్లు తరవాత రాయాల్సి వచ్చేది. అప్పుడు ‘ధర్మం’ లోపల ధ, మ, ర అనే వరసలో నిలవ ఉండేది. పలుకుబడి ఒక దారి, నిలవ ఒక దారి. కంబోడియా లిపిలో రేఫకు రోబాత్ అనే గుర్తుంది, దానికి ఈ పద్ధతే పాటించారు. హల్లు తరవాత వస్తుంది.

మలయాళంలో పలుకుబడి వరసనే నిలిపారు. ధ, చుక్క, మ, చంద్రక్కల, మ, సున్న. చుక్క తనకు ముందున్న ‘ధ’ను కాకుండా తరవాత రాబోయే ‘మ’ను పట్టుకోవాలి. ముందున్నదాన్ని పట్టుకోనిది గుర్తు ఎలా అవుతుంది? అందుకే దాన్ని అక్షరం అన్నారు. యూనికోడ్‌లో దాని పేరే మలయాళ అక్షరం చుక్క రేఫ. ఆకారం చుక్క, హోదా అక్షరం. దీని వల్ల కర్సర్‌కు కూడా ప్రత్యేక నియమం పెట్టాల్సి వచ్చింది. చుక్కనూ దాని తరవాతి అక్షరాన్నీ కలిపి ఒకే ముక్కగా చూడాలి. లేకపోతే పంక్తి చివర చుక్క మిగిలిపోయి ‘మ్మ’ కింది పంక్తికి పోతుంది.

తెర మీదికి వచ్చేటప్పుడు ఇంకో మెలిక ఉంది. మలయాళంలో ఎత్వ ఏత్వాలు అక్షరం నెత్తిన ఉండవు, ఎడమ పక్కన నిలబడతాయి. ‘మార్గ్గే’ లాంటి మాటలో లోపలి వరస మా, చుక్క, గ్గ, ఏత్వం. తెర మీద ముందు మా, తరవాత ఏత్వం, తరవాత గ్గ, దాని నెత్తిన చుక్క. అంటే చివర ఉన్న ఏత్వం వెనక్కి దూకాలి, ముందున్న చుక్క ముందుకు దూకాలి, దారిలో రెండూ ఒకదాన్నొకటి దాటాలి, చుక్క ఏత్వం మీద కాకుండా గ్గ మీదే దిగాలి. లిపిని పేర్చే ప్రోగ్రాముల్లో మలయాళానికి ఈ నియమం విడిగా రాసి ఉంటుంది. హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము చాలా ఫోన్లలో, బ్రౌజర్లలో ఈ పని చేస్తుంది. అందులో రేఫ ఎలా పుట్టాలన్న ఒక్క అంశానికే లిపిని బట్టి వేర్వేరు తీర్లున్నాయి. నాగరికి అడక్కుండా, తెలుగుకు అడిగితే, మలయాళానికి సొంత సంఖ్యతో. లిపుల చరిత్రంతా అక్కడ నాలుగు పంక్తుల కోడ్‌లో ముడుచుకుని కూర్చుంది.

మరి దీనికి కట్టిన మూల్యం? ఇవాళ మలయాళంలో ‘ధర్మం’ నాలుగు రకాలుగా నిలవ ఉండొచ్చు. చుక్కతో, కొత్త చిల్లుతో, జాయినర్ పెట్టిన పాత చిల్లుతో, ఉత్త చంద్రక్కలతో. కొన్ని అక్షరాలకు యూనికోడ్ ‘ఈ రెండు రాతలూ ఒకటే’ అని బంధుత్వం ప్రకటిస్తుంది. చుక్కకూ చిల్లుకూ మధ్య అలాంటి ప్రకటన లేదు. వెతికే పెట్టె తయారుచేసేవాళ్లే ఈ నాలుగూ ఒకటని తెలుసుకుని రాసుకోవాలి. రాసుకోనివాళ్ల దగ్గర, కొత్త రాతలో ధర్మం అని వెతికిన పిల్లవాడికి నూరేళ్ల కిందటి ధర్మం దొరకదు.

అయినా నేను చుక్కకు సంఖ్య ఇవ్వడం సబబే అంటాను. వెతుకులాటను ఎప్పుడైనా బాగుచేసుకోవచ్చు. పుటలో ఏముందో నమోదు కాకుండా పోతే తిరిగి తెచ్చుకోలేం. 1872లో మంగళూరులో అచ్చయిన హెర్మన్ గుండర్ట్ మలయాళ నిఘంటువు కాలం పుస్తకాలు చుక్కలతో నిండి ఉంటాయి. గుండర్ట్ సేకరించిన పుస్తకాలు, రాతప్రతులు జర్మనీలో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం దగ్గరున్నాయి. ఆ విశ్వవిద్యాలయం వాటిని డిజిటల్ చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. అలాంటి పుటను ఎవరైనా టైపు చేసేటప్పుడు చుక్క ఉన్న చోట చుక్కా, చిల్లు ఉన్న చోట చిల్లూ పెట్టగలగాలి. ఒక అచ్చుకూటం ఎక్కడ చుక్క వాడింది, ఎక్కడ చిల్లుకు మారింది, ఏ దశాబ్దంలో ఏది గెలిచింది అన్నది అప్పుడే లెక్కకు అందుతుంది. ఫాంటు మార్చి చుక్క తెప్పించుకోవచ్చు కదా అనే వాదన ఇక్కడ నిలవదు. ఫాంటు పుట మొత్తానికి ఒకే ఆకారం ఇస్తుంది. పాత పుట అలా ఏకరూపంగా ఉండదు. రచన, మీర లాంటి సంప్రదాయ లిపి ఫాంట్లలో ఇవాళ చుక్క అందంగా కుదురుతోంది, సంఖ్య ఉండబట్టే ఫాంటు తయారుచేసేవాళ్లు దాని కోసం చోటు కేటాయించగలిగారు.

మన గిలక సంగతి

ఇప్పుడు ఇందాక వేసిన తొమ్మిది అంకె దగ్గరికి వస్తాను. తెలుగు గిలకకు దారి ఉందని చెప్పాను. ర, పొల్లు, జాయినర్. కాగితం మీద దారి ఉంది. నడవబోతే ముళ్లు. చాలా తెలుగు ఫాంట్లలో గిలక ఆకారమే గీయలేదు. గీయనప్పుడు ఆ వరస కొడితే ‘ర్’ పక్కన ‘మ’ వచ్చి ఊరుకుంటుంది. జాయినర్ కనబడదు కాబట్టి, పెట్టామో లేదో టైపు చేసినవాళ్లకే తెలియదు. కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే దారిలో రాలిపోవచ్చు. కనిపించని గుర్తు రాలిపోయిందని ఎవరు గమనిస్తారు?

అందుకని పాత తెలుగు పుస్తకాలను ఉన్నది ఉన్నట్టు దించాలనుకునేవాళ్లు, చేతికందిన ౯ వేసి పని కానిచ్చుకుంటారు. నేనూ వేశాను. చూడ్డానికి గిలకే. కంప్యూటర్‌కు మాత్రం ‘ధమ౯ము’ అంటే ధ, మ, తొమ్మిది, ము. అందులో రకారం లేదు. ధర్మము అని వెతికితే దొరకదు. వినిపించే ప్రోగ్రాముకు ఇస్తే ‘ధమ తొమ్మిది ము’ అని చదువుతుంది, చూపులేని పాఠకుడు అది విని ఏం చేసుకోవాలి? అకారాది క్రమంలో పేరిస్తే మాట ఎక్కడికో పోతుంది. మలయాళంలో చుక్క చెరిగిపోతే కనీసం ధమ్మమైనా మిగులుతుంది. మన దగ్గర మిగిలేది అసలు మాటే కాదు.

చిల్లు గొడవ చూసి మనం నేర్చుకున్నది ఒకటుంది. పాత తెలుగు ప్రతుల్లో ‘వచ్చెన్’, ‘పల్కెన్’ అని ముగిసే చోట నకారపొల్లుకు ప్రత్యేక ఆకారం ఉండేది. న్ అని రాసినా ఆ ఆకారంలో రాసినా తెలుగులో అర్థం మారదు, వన్యవనిక లాంటి చిక్కు మనకు లేదు. అయినా 2021లో యూనికోడ్ 14.0 దానికి సొంత సంఖ్య ఇచ్చింది, 3165. పాత పుటను పాత పుటలా దించుకునే హక్కు ఉండాలన్న వాదన అక్కడ నెగ్గినట్టే. గిలకకు ఆ వాదన ఇంకా బాగా వర్తిస్తుందని నా అభిప్రాయం. నకారపొల్లు తన చోట తాను కూర్చుంటుంది, ఏ వరసనూ మార్చదు. గిలక పలుకుబడిలో ముందుండి రాతలో వెనక్కి పోతుంది. ఏదో ఒక ఆకారాన్ని తెచ్చి అతికించి గడుపుకునే వీలు దానికి లేదు.

సొంత సంఖ్య వస్తే నాలుగు రాతల తలనొప్పి మనకూ వస్తుందని అనేవాళ్లున్నారు. ఆ మాట కొట్టిపారేయను. ఒకవేళ సంఖ్య వద్దనుకుంటే, జాయినర్ దారినే బాగుచేద్దాం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెలుగు ఫాంటు గీసేవాళ్లు ఒక్కొక్కరు ముప్పై ఆరు హల్లుల పక్కనా గిలక ఎలా కుదురుతుందో చూసి, ఆ ఒక్క ఆకారం చేర్చితే చాలు. కన్నడ ఫాంట్లలో దశాబ్దాలుగా ఉన్నదే అది, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. అప్పటిదాకా పాత పుస్తకాలు టైపు చేసేవాళ్లకు నాది ఒకటే మనవి. గిలక కనిపించిన చోట తొమ్మిది వేయకండి. ర, పొల్లు, జాయినర్ కొట్టండి. ఇవాళ తెర మీద గిలక కనపడకపోవచ్చు, లోపల మాత్రం రకారం ఉంటుంది. ఫాంటు వచ్చిన రోజున, మీరు టైపు చేసిన పుటలో గిలక దానంతట అదే తేలుతుంది.